హనుమప్ప ఐసు పరీక్ష

ఆ శుక్రవారం పొద్దున హనుమప్ప వేసుకున్న పథకంలో చావు ప్రసక్తే లేదు. టైర్లు, ఐసు, వీడియో, అంతే.

గల్ఫ్‌లోని ఉమ్ సలాల్‌లో అతను డ్రైవరుగా ఉన్న ఇంటి యజమాని, అందరూ బాబా అని పిలిచే పెద్దమనిషి, పిల్లలతో కారులోనే టర్కీ మంచుకొండలకు బయలుదేరుతున్నాడు. ఇంట్లోని రెండు ఫోర్ వీల్ బండ్లకు రెండు రకాల మంచు టైర్లు వేయించాడు. "ఏది జారదో చూసి చెప్పు. సరిగ్గా చెప్తే మేం తిరిగొచ్చేదాకా నీకు సెలవు" అన్నాడు. సెలవనగానే హనుమప్ప ప్రాణం లేచొచ్చింది. కూతురు పుట్టి పదకొండు నెలలు. ఇంతవరకూ ఆ పిల్లను ఫోన్లో తప్ప చూడలేదు. అందుకే జన్మలో మంచు మొహం చూడని మనిషి "తమామ్ బాబా" అని ఒప్పేసుకున్నాడు.

చేపల మార్కెట్ నుంచి లారీడు ఐసుగడ్డలు తెప్పించి గ్యారేజీ వెనక పరిపించాడు. పరీక్షను వీడియో తీస్తుంటే మధ్యలో భార్య కృష్ణకుమారి ఫోన్ చేస్తుందని ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాడు.

పక్క తోటలో పనిచేసే గంగన్న లారీని చూశాడు. వాళ్ల ఊళ్లో ఇంటిముందు ఐసుగడ్డలు దిగాయంటే ఒకటే అర్థం. లోపల శవం ఉంది, బంధువులు రావాలి.

"ఎవరికి భయ్యా?" అని లారీవాణ్ణి అడిగాడు.

"హనుమప్పకి" అన్నాడు వాడు, చీటీ చూసి.

గంగన్న హనుమప్పకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. వెంటనే నజ్మాలో మెస్ నడిపే అమర్నాథ్‌కు చేశాడు. "అన్నా, మన హనుమప్ప వోయిండే! నిన్ననే నాతోని చాయ్ తాగిండు!"

అమర్నాథ్‌ది హనుమప్ప ఊరే. అతను ఏడుస్తూ ఊరికి ఫోన్ చేసి చెప్పాడు, మెస్‌లో తినేవాళ్లందరికీ చెప్పాడు. గంటలో పూలదండతో సహా పద్దెనిమిది మంది మెస్ నుంచి వచ్చి బాబా ఇంటి గేటు ముందు గొల్లుమన్నారు. నమాజు నుంచి తిరిగొచ్చిన బాబా బిత్తరపోయి, అందరినీ వెంటబెట్టుకుని గ్యారేజీ వెనక్కి పరిగెత్తాడు. అక్కడ పిల్లలు ఐసు మీద జారుతూ కేరింతలు కొడుతున్నారు. వాళ్ల మధ్య ఉన్నిటోపీ పెట్టుకుని శవం నవ్వుతోంది.

"నువ్వు సావలేదా?" గంగన్న కెవ్వుమన్నాడు.

"నేనేమిటికి సస్తానప్పా? టైర్ల పనుంటేనూ!"

"ఇంతకీ ఏ టైరు మంచిది?" అన్నాడు బాబా.

హనుమప్ప తల దించుకున్నాడు. "రెండూ జారినాయి బాబా." సెలవు పోయినట్టేనని కళ్లు చెమర్చాయి.

ఫ్లైట్ మోడ్ తీయగానే కృష్ణకుమారి వీడియో కాల్. బతికున్న మొగుణ్ణి చూసి మరింత గట్టిగా ఏడ్చింది. "నేను నమ్మను! ఎవురో పాత వీడియో పెట్టినారు! మనిషి వచ్చి నా ముందర నిలబడితేనే నమ్మేది!"

ఆమె ఏమంటోందో అమర్నాథ్ చెప్పగానే బాబా పొట్ట పట్టుకుని నవ్వాడు. "యల్లా, రేపే వెళ్లు. బతికున్నావని చూపించి రా!"

కొన్న పూలదండ వృథా కావడం ఇష్టంలేక, మర్నాడు ఎయిర్‌పోర్టులో దాన్ని హనుమప్ప మెడలోనే వేశారు.