రద్దీకట్ట నుండి బొమ్మలపుస్తక విమోచనము

వినుండ్రి తల్లులారా, చెవులు జర ఇటు పెట్టుండ్రి! ప్రచండమార్తాండ కిరణసంతప్తమై, ఆటోరథసహస్ర ఘోషసంకులమై, మింటినంటు చర్చిగోపురచ్ఛాయలో సేదదీరుచున్న మెదక్ మహాపట్టణమందు, మార్చి నెల రెండవ ఆదివారమునాడు, తిండ్లై, గిన్నెలు తోముడు గూడ అయిన మూడుగంటల శుభముహూర్తమున, ఫుర్ఖాన్ అనబడు జిరాక్సు దుకాణాధిపతి ముంగిట ఘోరసంగ్రామ మొకటి పుట్టెను. ప్రాణనష్టం గాలేదు గని, చాయ్ మాత్రం రెండుసార్లు సల్లారింది.

ఆ దుకాణంల కిరాయి పుస్తకాల ఇనుప రాకొకటి ఉంటది. ఫుర్ఖాన్ కట్టుబాటేందంటే, కొత్త పుస్తకం వస్తే నెల రోజులు తిప్పుతడు. ఆదివారం నాడు చదివినోళ్లను పిలిచి అభిప్రాయ మడుగుతడు. ఎక్కువమంది బాగలేదంటే ఆ పుస్తకం రద్దీకట్టలకు, అంటే చిత్తుకాగితాల కట్టలకు పోయి, మిర్చిబజ్జీల బండికి చేరుతది. ఆ తీర్పుకు అప్పీలు లేదు.

ఆ ఆదివారము తీర్పుకు వచ్చినది ఒక సూపర్‌హీరో పుస్తకము. రక్తవర్ణ శాలువాధారి, గగనవిహారి, శత్రుభీకరుడైన వీరుని కథ. అయినా అక్షర మొక్కటి లేక, ఆ అట్ట నుండి ఈ అట్ట దాక బొమ్మలే బొమ్మలు.

ఇగ అన్వరీ బీ సంగతి. సూచీఖడ్గధారిణి, సహస్రకుర్తా నిర్మాణధురంధర, మిషను తొక్కితొక్కి మోకాళ్లరిగిన ఆ వీరనారికి ఉర్దూ చదువు వచ్చు. తెలుగు గలగల మాట్లాడుతది గని అక్షరాలు రావు. ఆ రాకుల ఉన్న పుస్తకాలన్నీ తెలుగు, ఇంగ్లీషు. ఇన్నేండ్లల్ల ఆమె ఆ దుకాణానికి ఆధార్ కార్డు జిరాక్సుకే వచ్చింది. ఈ పుస్తకమొక్కటే ఆమె చదవగలిగింది, పదకొండుసార్లు చదివింది. ఇది పోతే ఆమెకు మళ్ల ఆధార్ కార్డే దిక్కు.

ఒక్కటే చిక్కు. ఉర్దూ పుస్తకం కుడి నుంచి మొదలైతది గద? ఆమె చెయ్యి చిన్నప్పటి సంది గట్లనే తిరిగింది. ఇది ఇటు గాదమ్మా అటని చెప్పెతందుకు అక్షరం లేకపాయె. ఆఖరి అట్టనే మొదటి అట్ట అనుకొని, వీరుని కథను తుద నుండి మొదటికి, పూర్తి నమ్మకంతోని చదివింది.

ముందుగా రణరంగమున దూకినది అంకిత, డిగ్రీ చదివే పిల్ల, సూపర్‌హీరోల సినిమాలన్నీ చూసి కండ్లకద్దాలు తెచ్చుకున్నది. ఈ హీరో మొదట్ల మస్తు కొట్లాడిండు గని ఆఖరుకు శాలువ మడిచి పెట్టెల పెట్టి వాచ్‌మెన్‌గ కూసున్నడని, హీరో అన్నోడు ఆఖర్ల గెలవకపోతే ఎందుకని, రద్దీకే అన్నది.

పిదప మేస్త్రీ ఇల్లాలు, ఇటుకసిమెంటు విద్యాపారంగతురాలు, రాజమణి కొంగు బిగించి, సింహనాదముగా ఇట్లు పలికెను:

"ఒక్క రాకాసిని సంపెతందుకు పన్నెండు బిల్డింగులు కూలగొట్టిండు ఆ ఎర్రశాలువోడు. ఒక్క స్లాబు పడాలంటే ఎందరి నడుములు పోతయో మా ఇంటాయన నడుగుండ్రి. అండ్ల కిరాయికున్నోళ్లు ఏడవోయిన్రు? ఒక్క బొమ్మలనన్న చూపెట్టిండా? ఈ హీరోలందరు ఇంతే. ఎయ్యి రద్దీల."

రెండు అస్త్రములు పడెను.  అయినను అన్వరీ బీ దుపట్టా సవరించి, లేచి నిలిచెను.

"నువ్వు చూసిన పుస్తకం ఏందో గని రాజమణీ, నేను చూసినోడు ఎవ్వల మీద చెయ్యెత్తలే. ముసలి వాచ్‌మెన్. పెట్టె తీసి శాలువ కప్పుకున్నడు. కూలిన ఇండ్ల కాడికి పోయి చెయ్యి పెడితే ఇటుకలు లేచి మీదికి పోయినయి. సచ్చిన రాకాసిని గూడ లేపి వాని ఊరికి వాణ్ణి పంపిండు. గంత పని జేసి, పోయి అమ్మ చేతిల బువ్వ తిన్నడు. ఇంకేం గావాలె?"

 గది ఈ పుస్తకం గానేగాదని రాజమణి ఒక అంచు, అన్వరీ బీ ఒక అంచు పట్టి గుంజగా, పుస్తకము వెన్నెముక కిర్రుమని ఆర్తనాదము చేసెను. ఒకే పేజీ మీద ఒకరి వేలు ఇటు ఉరికె, ఒకరి వేలు అటు ఉరికె. అది చూసి ఫుర్ఖాన్ నోటికి చెయ్యడ్డం పెట్టుకొని, ఖాలా, ఇది ఎడమ నుంచి చదివే పుస్తకమని మెల్లగ చెప్పిండు. అంకిత నవ్వింది. ఆపుకుందామన్నా ఆగలే.

అన్వరీ బీ మొఖం ఎర్రగయ్యింది. పదకొండుసార్లు చదివింది గద పాపం! పుస్తకాన్ని ఆమెనే తీసుకపోయి రద్దీకట్ట మీద పెట్టి, చెప్పులు తొడుక్కున్నది.

అప్పుడు, ఓ శ్రోతలారా, మహాద్భుతము జరిగెను. రాజమణి లేచి, కట్ట మీది పుస్తకం తీసి, అన్వరీ బీ చెయ్యి వట్టి కూసోబెట్టింది.

"ఆగక్కా. ఇల్లు లేచింది ఏడనో చూపియ్యి."

అన్వరీ బీ వేలు ముందు నడువ, రాజమణి కండ్లు ఎనుక నడువ, ఇద్దరు కుడి నుంచి ఎడమకు పోయిన్రు. దుమ్ముల నుంచి ఇటుక లేచె, ఇటుక మీద ఇటుక కూసునె, స్లాబు తనంతట తనే పోయి గోడలెక్కె, కిటికీలల్ల దీపాలు వెలిగె. నడుమ, ముందుగాల రాజమణి కంట పడని ఒక చిన్న బొమ్మల, కూలిన ఇంట్ల నుంచి బయటపడ్డ ఆడమనిషి మళ్ల తన పొయ్యి కాడ కూసున్నది. రాజమణి ఆ బొమ్మ కాడ శానసేపు ఆగింది. ఆఖరుకు అమ్మ బువ్వ పెట్టే బొమ్మ దాక పోయి, పుస్తకం మూసి ఒళ్లె పెట్టుకున్నది.

"గీసినోనికే తెల్వలే, ఎంత మంచిది గీసిండో. ఫుర్ఖాన్, నా అభిప్రాయం మార్చి రాయి."

గిట్ల చదివితే అది చదువుడు గాదని అంకిత వాదం వెట్టింది. ఫుర్ఖాన్ న్యాయపీఠమధిష్ఠించి, నోట్‌బుక్కు తిరగేసి, అండ్ల 'చదివిన్రా, నచ్చిందా' అనే ఉన్నది గని ఏ దిక్కు నుంచని లేదని తీర్పు చెప్పిండు. నచ్చినోళ్లు ఇద్దరు, నచ్చనామె ఒకతి.

జయము! జయము! దిక్కులు పిక్కటిల్ల జిరాక్సు మిషను గుర్రుమనుచుండగా, పుస్తకరాజము రద్దీకట్ట నుండి మూడడుగుల ఎత్తునగల రాకుకెక్కి పునఃపట్టాభిషిక్తము కావలసినది; గని రాకు దాక పోనేలేదు. మా ఇంటాయనకు చూపియ్యాలెనని రాజమణి సంకల వెట్టుకొని పోయింది. గెలిచిన అన్వరీ బీకి దక్కినది వరుసలో రెండో నంబరు, రాజమణి పదిహేను దినాల కిరాయి గడువు తీరేదాక ఎదురుచూపు. మూడో నంబరు కాడ అంకిత తన పేరు రాయించుకున్నది. ఎందుకమ్మా అని ఎవ్వలడగలే.