కొలతకు నిలబడ్డ మనిషి

సూర్యాపేటలో జరిగిన ‘ఈజిప్టు గుళ్లు – తొలినాటి ఫోటోలు’ ప్రదర్శన దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఫోటోలు చూసినవారు కొద్దిమందే. వాటి ముందు నిలబడి ఫోటోలు దిగినవారు మాత్రం ఆశాజనకమైన సంఖ్యలో ఉన్నారు.

కెమెరా పుట్టిన కొత్తల్లో దొరలు నైలు ఒడ్డుకు వెళ్లి, ఇసుకలో సగం కూరుకుపోయిన గుళ్లను ఫోటోలు తీశారు. స్తంభం ఎంత ఎత్తో చూసేవాళ్లకు తెలియాలని దాని పక్కన ఒక పడవ మనిషిని నిలబెట్టారు. కదిలితే మసకబారిపోతాడు గనుక అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఫోటో నిండా గుడే ఉంది, అతను వేలిగోరంత ఉన్నాడు.

ప్రారంభోత్సవానికి మిర్యాలగూడ నుంచి వేంచేసిన నాయకులు భాస్కరన్న ఈ ఫోటో చూసి చలించిపోయారు.

“ఎవలీ మనిషి? గింత చిన్నగ ఏసిండ్రేంది? పాపం, ఏ పార్టీల ఉండె?”

ప్రదర్శన పెట్టిన స్రవంతి టీచర్ ఇదే అదనుగా తన గోడు చెప్పుకుంది. హుజూర్‌నగర్ అవతల ఆమె ఊళ్లో పాత గుడి మండపం ఒకటి ఉంది. బడికి వంటగది మంజూరు దశలో సుఖంగా ఉన్నందువల్ల మధ్యాహ్న భోజనం ఆ మండపంలోనే వండుతారు, పిల్లలు అక్కడే తింటారు. స్తంభం పైనుంచి కింది దాకా పగిలింది. మరమ్మతు కావాలంటే పగులు ఎంతుందో తెలిసే ఫోటో పంపమని ఆఫీసువారు సెలవిచ్చారు.

“పక్కన ఒక్క మనిషి నిలబడితే చాలన్నా. మా వంట సైదమ్మత్త నిలబడ్తది.”

“వండుతుంటే పైనుంచి సున్నం రాలుతది సారూ,” అంది టీచర్ వెంట వచ్చిన సైదమ్మ. “పోరగాండ్ల పళ్లెంల పడ్తది.”

“గుడికి వంటామెను కొలత పెడితే జిల్లా పరువేం గావాలె? నేనే నిలబడ్త!” అని భాస్కరన్న త్యాగానికి సిద్ధపడ్డారు.

మర్నాడు మండపం దగ్గర పగిలిన స్తంభం పక్కన అన్న నిలబడ్డారు. అన్న నిలబడితే అనుచరులు కూర్చోలేరు గదా. వాళ్లు కుడివైపు నిలబడగానే అసమ్మతి వర్గం ఎడమవైపు ఆక్రమించింది. మహిళా విభాగం, యువజన విభాగం, పూర్వ విద్యార్థులు, చూడ్డానికొచ్చిన ఊరివాళ్లు తలా ఒక సందులో ఇరుక్కున్నారు.

“అమ్మా, జర పక్కకు జరుగు. ఫోటోల పడ్తున్నవ్,” అని కోదాడ నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ హరిలాల్ సైదమ్మను హెచ్చరించాడు. ఆమె గరిటెతో సహా తప్పుకుంది.

స్టూడియోలో హరిలాల్ నిద్ర మానుకుని పనిచేశాడు. అందరినీ తెల్లగా చేశాడు. పదవిని బట్టి అన్నను పెద్దగా చేశాడు. అన్న చెవి వెనక ఏదో నల్లగీత అసహ్యంగా కనిపిస్తే శ్రద్ధగా తుడిచేశాడు. ఆ గీతే పగులు. ఆ విధంగా సర్కారుకు పైసా ఖర్చు లేకుండా మరమ్మతు పూర్తయింది.

ఆఫీసువారు వెంటనే స్పందించారు: “ఫోటో పరిశీలించడమైనది. పగులు కనబడలేదు. గుడి సైతం కనబడలేదు. నాయకులు మంచి స్థితిలో ఉన్నారు. చర్య అవసరం లేదు.”

ఆ ఫోటో మన ఊరి గ్రూపులోకి కూడా వచ్చింది. మీరు రెండు వేళ్లతో పెద్దది చేసి మరీ వెతికారు. మూడో వరుసలో మీ మొహం సగమే పడిందని నొచ్చుకున్నారు. ఆ పూట కూడా మీ పాప ఆ మండపం కిందే అన్నం తిన్నది.