నీలం శాలువా, నల్ల సాకెట్

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది. ఆ వరద నీళ్లు వ్యానాయన పెరట్లో తిష్ట వేసుక్కూర్చుని, పోతూ పోతూ వ్యాను చక్రాలకు తుప్పు అంటించి పోయాయి. వ్యాను తర్వాత బాగానే తిరిగింది. చక్రం విప్పే పని మాత్రం పడలేదు.

వ్యానాయన ఇల్లు మారే వాళ్ల సామాన్లు మోసేవాడు. వీధిలో అందరూ ఆయన్ని మాటకరువు అనేవారు. ఆయన నోరు తెరిస్తే వాన పడుతుందని ఎవరో ఎగతాళి చేశారు. వరద వచ్చిన ఏడు ఆ నేరం కూడా ఆయన మీదే వేశారు. ఆ వారం ఏదో మాట్లాడి ఉంటాడని.

ఆయన భార్య బట్టలు కుట్టేది. అక్కకు కాలు విరిగిందని నాలుగు రోజులకని వెళ్లింది. ఆ అక్క ఇప్పుడు మేడ మెట్లు ఎక్కి దిగుతోంది. ఈవిడ మాత్రం రాలేదు. వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి ఒక మాట అంది. "గోడకు చెప్పుకున్నా ఓ పలుకు తిరిగొస్తుంది. నీకు చెప్పుకుంటే అదీ లేదు. పిలిస్తేనే వస్తాను." పిలవడానికి మాటలు కావాలి. మాటలు ఆయన దగ్గర ఎప్పుడూ నిల్వ ఉండవు. అందుకని నోటితో కాకుండా వ్యాను వేసుకుని వెళ్లి ఆ ఇంటి ముందు ఆపితే సరిపోతుందని, ఆ ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. ముందు చక్రం నేలకు అంటుకుపోయి ఉంది. గాలి లేదు.

స్టెప్నీ దించాడు. జాకీ ఎత్తకముందే నట్లు కాస్త వదులు చేద్దామని పానా పెట్టె తెరిచాడు. నట్టు మీద తొడిగి తిప్పడానికి ఆయనకు ఒక నల్ల సాకెట్ ఉండేది. వ్యానుతోపాటు వచ్చింది. లోపల ఆరు పలకలు. నట్టుకూ ఆరు పలకలే కాబట్టి, తొడిగితే పిల్లికి తోలు అతికినట్టు అతికేది. అది కనపడలేదు. వరదలో పోయి ఉంటుందనుకున్నాడు. కానీ ఆవిడ వరద బురద ఎత్తిపోసినప్పుడు ఏది ఎక్కడ సర్దిందో ఆవిడకే తెలియాలి. ఫోను తీశాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి.

"ఏంటి?" అంది ఆవిడ. ఆ ఒక్క మాటలో ఎంత ఎదురుచూపు ఉందో ఆయన చెవికి తెలిసింది. చెప్పదలచుకున్నదంతా లోపలే అడ్డం పడి, చివరికి బయటికొచ్చింది ఇది:

"నల్ల సాకెట్ ఎక్కడుంది?"



"రెండు నెలలకు ఫోన్ చేసి అడిగేది ఇదా? నా దగ్గరే ఉంది. ఒళ్లో పెట్టుకుని జోకొడుతున్నా!"

ఫోను పెట్టేసింది. వెటకారం అనుకున్నాడాయన. పెట్టెలో మిగిలింది మెరిసే సాకెట్ ఒకటే. లోపల పన్నెండు పళ్లు, ఒక పిసరు వదులు. మంచి నట్టయితే దానితో వస్తుంది. తుప్పు పట్టిన నట్టు దగ్గర ఆ పళ్లు పలకను పట్టుకోవు, మూలలను గీకుతాయి. ఈ సంగతి ఆయనకు తెలుసు. తెలిసినా తొడిగాడు. ఆలస్యమైతే ఆవిడ కోపం గట్టిపడుతుందని. ఒక్క తిప్పు తిప్పేసరికి సాకెట్ గిర్రున తిరిగింది, నట్టు తిరగలేదు. రెండో దానికీ అంతే. నట్ల మూలలు అరిగి వెండిలా మెరుస్తున్నాయి.

ఆ చప్పుడుకు పక్కింటి వడ్రంగి గోడ మీంచి తల పెట్టాడు. ఆయనకు తెలియని పని లేదు, తెలిసిన పనీ లేదు.

"అన్నా, నట్టు మొరాయిస్తే బతిమాలకూడదు. తగలనివ్వాలి."

సమాధానం కోసం ఆగలేదు. ఆగి లాభం లేదని ఆయనకు తెలుసు. గోడ దూకి, ఒక సైజు చిన్న సాకెట్ తన ఇంటి నుంచి తెచ్చి, సుత్తితో నట్టు మీద దిగ్గొట్టాడు. పిడికి పొడుగాటి పైపు తొడిగి, దాని మీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డాడు.

"వస్తోందన్నా! కదిలింది!"

కదిలింది నట్టు కాదు. సాకెట్ టప్పున చీలింది. వడ్రంగి వెల్లకిలా పడ్డాడు. ఆ కుదుపుకు వెనక చక్రం కింద పెట్టిన ఇటుక పొడిపొడి అయింది. పెరడు కాస్త వాలు. వ్యాను కుంటి గుర్రంలా ఎగిరెగిరిపడుతూ వెనక్కి నడిచి, బట్టలు ఆరేసే తీగను తెంపుకుని, స్నానాల గది గోడకు వీపు ఆనించి నిలబడింది. తీగ మీద ఉన్న ఒకే ఒక బట్ట, తడి నీలం శాలువా, వచ్చి వడ్రంగి ముఖం మీద పడింది.

సరిగ్గా అప్పుడే బావమరిది గేటు తీసుకుని వచ్చాడు. బస్సు కండక్టరు. బస్సు ఆగిన కాస్త వ్యవధిలో బావను పలకరించి పోవడం అలవాటు. నేల మీద ఎవరో, తల మీద తన అక్క శాలువా.

"బావా, ఎవరిది?"

"వడ్రంగి," అన్నాడు ఆయన.

"మనిషి కాదు, శాలువా! అక్కది కదూ?"

వడ్రంగి శాలువా పిండుకుంటూ లేచాడు. "ఇది రోజు విడిచి రోజు ఈ తీగ మీద ఆరుతూనే ఉంటుందయ్యా. వదిన వచ్చిందేమో అనుకున్నా."

కండక్టరు లెక్క ఒకటికి ఒకటి అతికింది. "ఉతికారంటే మాసింది. మాసిందంటే ఎవరో కప్పుకున్నారు. అక్క ఇక్కడ లేదు. మరెవరు కప్పుకున్నట్టు?"

బావ వైపు చూశాడు. బావ నేల వైపు చూశాడు. తప్పు చేసినవాడూ నేలనే చూస్తాడు, మాట రానివాడూ నేలనే చూస్తాడు. కండక్టరు మొదటి రకం అనుకుని, అక్కడికక్కడే ఫోను తీశాడు.

"అక్కా, కూర్చుని విను. నీ నీలం శాలువా ఇక్కడ ఎవరో కప్పుకుంటున్నారు. బావ నోరు విప్పడం లేదు."

"ఆయన ఎప్పుడు విప్పాడు కనక!" అన్న కేక వడ్రంగికి కూడా వినిపించింది. "నేనే వస్తున్నా."

సాయంత్రం తమ్ముడి బస్సులోనే వచ్చి, అతనితోపాటే దిగింది. భుజాన సంచి, ముఖాన మధ్యాహ్నపు ఎండ. ఈ లోపు వ్యానును గోడ నుంచి లాగి, చక్రాల కింద రాళ్లు పెట్టారు. తీగ తెగే ఉంది. శాలువా ఆయన చేతిలో ఉంది.

"ఎవరు?" అంది.

"నేనే."

"నువ్వేంటి?"

"కప్పుకునేది."

వడ్రంగి గోడ మీంచి తల దించేశాడు. కండక్టరు ఈల వేయబోయి మానేశాడు. ఆవిడ శాలువా తీసుకుని అంచు తడిమి చూసింది. అంచు ఊడితే ఎవరో లావు దారంతో మోటుగా కుట్టారు. కుట్లు వంకరటింకరగా, దేశం మీద పోయే చీమల బారులా ఉన్నాయి.

"ఇదీ నువ్వేనా?"

"ఊఁ."

"మరి పొద్దున ఆ సాకెట్ గోల ఎందుకు?"

ఆయన వ్యాను వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ కదలలేదు. చెయ్యి చాలదని అర్థమైంది.

"నిన్ను తీసుకొద్దామని."

ఆయన జన్మలో అంత పొడుగు మాట అదే అని తర్వాత వడ్రంగి వీధంతా చెప్పాడు. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి ఏదో బరువైనది తీసింది. నల్ల సాకెట్. వరద బురదలో దొరికితే తనే కడిగి, బట్ట కత్తిరించేటప్పుడు జరక్కుండా పైన పెట్టే బరువుగా వాడుకుంటోంది. కత్తెరతోపాటే అక్క ఇంటికీ తీసుకుపోయింది.

"నిజంగానే ఒళ్లో పెట్టుకున్నా. నీ నెత్తిన వేద్దామని తెచ్చా. ఇంద."

నల్ల సాకెట్ తొడిగాడు. మూలలు అరిగినా పలకలు ఇంకా మిగిలే ఉన్నాయి. అది వాటిని పట్టుకుంది. పైపు మీద చెయ్యి వేసి మెల్లిగా బరువు మోపాడు. కీచుమంటూ మొదటి నట్టు కదిలింది, తర్వాత మిగతావన్నీ. చీకటి పడుతోంది కదా, చక్రం పొద్దున్న మార్చుకోవచ్చని అలాగే వదిలేశాడు. ఆయన ముఖంలో వెలుగు చూసి ఆవిడ గొంతు సవరించుకుంది.

"సంతోషించావులే. మిషను అక్కడే ఉంది. కత్తిరించిన బట్టలన్నీ సగంలో ఉన్నాయి. చక్రం ఎలాగూ వదులైందిగా, రేపు పొద్దున్నే వ్యాన్లో నన్ను అక్కడ దింపెయ్."

వెలుగు ఆరిపోయింది. "ఊఁ" అన్నాడు.

మర్నాడు ఆవిడ ఇంకా లేవకముందే ఆయన పెరట్లోకి వెళ్లాడు. స్టెప్నీని ఎత్తి, వచ్చినచోటికే దొర్లించాడు. గాలి లేని చక్రానికి నల్ల సాకెట్ తొడిగి, పైపు వేసి, పైపు మీద ఎక్కి నిలబడి, వదులు చేసిన నట్లన్నీ ఒక్కొక్కటే మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. చెమట కారుతోంది. వంటింటి కిటికీ తలుపు చప్పుడైంది. శాలువా కప్పుకుని ఆవిడ అక్కడే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"పైనున్న నట్టు మరిచిపోయావు," అంది.

ఆయన దాన్ని కూడా బిగించాడు.