దిగడానికి చార్జీ

ఒక పెద్ద అడవిలో ఉదయం ఆరూ ఇరవైకి ముళ్ళపంది పానకాలు రేగుపళ్ళ సంచి మూతి బిగించి కట్టుకుని బయల్దేరాడు. ఏటి అవతల కూతురింట్లో మనవరాలి బారసాల. పళ్ళు ఆ పిల్ల కోసం.

ఏరు పొంగి ఉంది. దాటించేది గూడబాతు విమాన సర్వీసు ఒక్కటే. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "అవతలి గట్టుకు ఒకే ఒక్క పండు!"

కౌంటర్లో కాకి ఆ పండు తీసుకుని పానకాలును ఎగాదిగా చూసింది.

"సామానుకు ఇంకో మూడు."

"సంచి ఒళ్ళోనే పెట్టుకుంటానమ్మా."

"సంచి కాదు బాబాయ్, ముళ్ళు."

"అవి నాతోనే పుట్టాయి!"

"అందుకే రాయితీ ఇచ్చాం. లేకపోతే ఐదు."

"నిన్న మా బావమరిది వెళ్ళాడు. ఇలాంటిదేం చెప్పలేదే?"

"నిన్నటి రూల్సు నిన్న ఎగిరినవాళ్ళకి."

కూర్చోవడానికి రెండు పళ్ళు, గాలిలో కళ్ళు తెరిచి చూడటానికి ఒకటి పోయాయి. వసూలైన పళ్ళన్నీ గొంతు కింద తిత్తిలో వేసుకుని గూడబాతు ఎగిరింది.

అవతలి గట్టు చేరేసరికి సంచిలో ఒక్క పండు మిగిలింది. కూతురు పిల్లనెత్తుకుని ఎదురుచూస్తోంది. గూడబాతు రెక్క అడ్డం పెట్టింది.

"దిగడానికి ఒక పండు."

"ఇది నా మనవరాలిదయ్యా!"

"రూలు రూలే. కట్టకపోతే దిగనివ్వం."

పానకాలు సంచి ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు. "సరే, దిగను. అమ్మాయ్! పిల్లని ఇక్కడికే తీసుకురా. చుట్టాలందర్నీ పిలువు. పేరు ఇక్కడే పెట్టేద్దాం."

చుట్టాలందరూ ముళ్ళపందులే. నలుగురు ఎక్కి సర్దుకుని కూర్చునేసరికి గూడబాతు కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. మేనత్త పాట ఎత్తుకుంది. అందరూ ఊగారు.

"దిగండి బాబోయ్! ఉచితం!"

"దిగాలంటే మా రేటు వేరు," అన్నాడు పానకాలు. "తీసుకున్న పళ్ళన్నీ ఇవ్వాలి. గుచ్చకుండా దిగాలంటే ఇంకో నాలుగు."

"ఆ సంగతి ముందు చెప్పాలి కదయ్యా!"

"ముందే చెబితే నువ్వు ఒప్పుకుంటావా?"

గూడబాతు తిత్తి మొత్తం దులిపింది. బారసాల గట్టు మీద, నేల మీదే, వేడుకగా జరిగింది.

వారం తర్వాత తెలిసింది: ఆ సర్వీసులో చార్జీల విభాగానికి ఇప్పుడు పానకాలే పెద్ద.

నీతి: అన్యాయం చేసేవాళ్ళని గట్టిగా ఎదిరించండి, వాళ్ళే ఉద్యోగం ఇస్తారు.