అందరికీ అందిన ఆర్డరు

2004 వేసవిలో ఒక సోమవారం పొద్దున, తెనాలి విత్తనాల కంపెనీ మేనేజరు శేషగిరిరావు టిఫిన్ తింటూ రెండు పనులు నిర్ణయించుకున్నాడు. ఒకటి, బాపట్ల, రేపల్లె ఆఫీసులకు ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకోవడం మాని, కంప్యూటర్లో సందేశాలు పంపాలి. రెండు, తన ఉత్తరాల్లో తప్పులు దిద్దే టైపిస్టు అబీదాను రేపల్లెకు తోలెయ్యాలి.

అబీదా భర్తకు తెనాలిలో టైలరింగు షాపు, కూతురికి తెనాలిలో బడి. "పిల్లను వదిలి వెళ్ళలేనండి," అని ఆమె అప్పటికే రెండుసార్లు బతిమాలుకుంది.

మొదటి పనికి కంప్యూటర్ల మెకానిక్కు ఫయాజ్ వచ్చాడు.

"అందరికీ అని ఒక కంప్యూటరు కేకేస్తే ఆ ఆఫీసులోనే వినపడుతుందండి. ఊళ్ళను కలిపే రూటరు పెట్టె దాన్ని గడప దాటనివ్వదు."

"దాటించు."

"దాటిస్తే ఏ ఊళ్ళో కేకైనా మూడూళ్ళకీ పోతుంది సార్. ఒక్కరికే పంపాలంటే వాళ్ళ మిషను పేరు కొట్టాలి. మర్చిపోతారేమో."

"నేను మర్చిపోవడమేంటి? నీ పని నువ్వు చూడు."

ఫయాజ్ సెట్టింగు మార్చి వెళ్ళిపోయాడు. శేషగిరిరావు మొదటి సందేశం కొట్టాడు: "అందిందా? వెంటనే జవాబివ్వండి. ఎదురు ప్రశ్నలు వద్దు."

"అందింది సార్," అని అందరూ జవాబిచ్చారు. ఆ జవాబులు కూడా అందరికీ వెళ్ళాయి. పెద్దవాళ్ళు పలకరిస్తే ఊరుకోవడం మర్యాద కాదని, "మీదీ అందిందండి," అని మళ్ళీ అందరూ రాశారు. అరగంటలో తెరలన్నీ మర్యాదతో నిండిపోయాయి. ఆఫీసులోకెల్లా పాతదైన అబీదా కంప్యూటరు ఆ మర్యాదను మొయ్యలేక ఆగిపోయింది.

బదిలీ సంగతి మొహం మీద చెబితే ఆమె ఏడుస్తుందని శేషగిరిరావుకు భయం. మనుషుల్ని విడదీసేవాళ్ళకు ఆ మాత్రం సున్నితత్వం ఉంటుంది. అందుకే సందేశం కొట్టాడు: "రేపటి నుంచి రేపల్లెలో పని. పొద్దున్నే చేరాలి." మిషను పేరు కొట్టలేదు.

మర్నాడు ఆఫీసులో అబీదా ఒక్కతే ఉంది.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటమ్మా?"

"ఎక్కడుండాలండి?"

ఇంతలో రేపల్లె ఆఫీసు గుమస్తా లాజరు నుంచి ఫోన్.

"సార్, పదమూడు మంది దిగారండి. కుర్చీలు నాలుగే. మిగతావాళ్ళు బస్తాల మీద కూర్చున్నారు."

"ఎందుకొచ్చారయ్యా?"

"మీరే రమ్మన్నారంటండి. అడుగుదామంటే ప్రశ్నలు వద్దన్నారుగా. నాకూ వచ్చిందండి ఆర్డరు. ఇక్కడే ఉన్నాను కాబట్టి మళ్ళీ చేరాను."

బాపట్ల ఆఫీసుకు తాళం చూసి, యజమాని శ్రీవత్స మధ్యాహ్నానికి కారులో తెనాలి వచ్చాడు. అబీదా రెండు ఫోన్లెత్తి, ఒక చెవికి అంగలకుదురు రైతునూ, ఇంకో చెవికి కొలకలూరు రైతునూ పెట్టుకుని ఇద్దరికీ సమాధానం చెబుతోంది. ఆయన కాసేపు నిలబడి చూశాడు.

"ఇక్కడ ఈవిడ సరిపోతుందండి. మీరు రేపల్లె వెళ్ళి, ఎవరి ఊరికి వాళ్ళను పంపి, అక్కడే ఉండిపోండి," అన్నాడు శేషగిరిరావుతో.

"నా ఇల్లూ వాకిలీ ఇక్కడున్నాయండి."

"రేపల్లె దూరమేం కాదులెండి."

శేషగిరిరావు ఆ మధ్యాహ్నమే పెట్టె పట్టుకుని బస్టాండుకు బయల్దేరాడు. సాగనంపడానికి ఆఫీసువాళ్ళెవరూ రాలేదు. అబీదా ఫోన్లు వదిలి రాలేదు, మిగతా అందరూ రేపల్లెలోనే ఉన్నారు.