కొత్త కోడలి బోణీ

ఆదివారం పొద్దున జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే బస్సులో అపూర్వ ఒళ్లో అట్టపెట్టెను పసిపిల్లలా పట్టుకుని కూర్చుంది. అందులో పాత పట్టుచీరల ముక్కలతో తనూ అత్తగారూ కుట్టిన గుడ్డబొమ్మలున్నాయి. కిటికీలోంచి చల్లగాలి, పక్కన కొత్త మొగుడు భార్గవ. ఇంకేం కావాలనిపించింది. కావలసింది మాత్రం ఒకటుంది, ఆర్డరు. ఎరువుల కొట్టు నడిపే మామగారు రామకోటేశ్వరరావు ముందే తేల్చేశారు. "మేళాలో ఆర్డరొస్తే ఇంట్లో ముందు గది మీ బొమ్మలకి. రాకపోతే రేపే యూరియా దింపిస్తా."

నందిగామ కల్యాణమండపం గుమ్మానికి "దళారీ లేని హస్తకళల మేళా" అని బ్యానరు కట్టారు. ఆర్డర్లిచ్చే హైదరాబాదు కంపెనీవాళ్లు మధ్యాహ్నం వస్తారన్నారు. అప్పటిదాకా ఈగలు తప్ప ఎవరూ రాలేదు.

పక్క స్టాల్లో వెదురు బుట్టలు పెట్టుకున్న శాంతయ్యకు బోణీ కాలేదని దిగులు. అపూర్వ మెడలో పచ్చగా మెరిసే పసుపుతాడు చూసి ఆయన మొహం వికసించింది.

"కొత్త పెళ్లికూతురివి, నీ చెయ్యి మంచిది. ఓ బుట్ట కొని బోణీ చెయ్యి తల్లీ."

"అయ్యో, దానికేం బాబాయ్!"

"మరి నీ బోణీ నేను చెయ్యకపోతే ఎట్టా?" అంటూ ఆయనా ఒక బొమ్మ కొని తన బల్ల ముందు నిలబెట్టాడు.

ఇంతలో కాపలా హోంగార్డు అటుగా వచ్చి శాంతయ్య దగ్గర ఒక చేట కొన్నాడు. అంతే, కొత్త పెళ్లికూతురి చెయ్యి మంచిదన్న మాట హాలంతా పాకింది. లేసు అల్లే క్రిస్టీ పరిగెత్తుకొచ్చింది. "అక్కా, నాకూ బోణీ చెయ్యవా, ప్లీజ్!" తర్వాత గాజులవాళ్లు, కుండలవాళ్లు, చాపలవాళ్లు. అందరి దగ్గరా అపూర్వ మురిసిపోతూ కొంది. అందరూ ఆమె బొమ్మను కలిసొస్తుందని కొని, తమ బల్లల ముందు నిలబెట్టుకున్నారు.

"అన్నీ అయిపోయాయండీ!" అంది భర్తతో.

"అన్నీనా? కంపెనీవాళ్లకేం చూపిస్తాం?"

"హాలు నిండా మన బొమ్మలేగా!"

మైకు గరగరలాడింది. "ఖాళీ బల్లలు ఫొటోలో బాగోవమ్మా, ఏదో ఒకటి పెట్టండి." అపూర్వ కొన్నవన్నీ అందంగా పేర్చింది.

మూడింటికి కంపెనీ తరఫున వైదేహి వచ్చింది. శాంతయ్య బల్ల దగ్గర ఆగి బొమ్మను ముచ్చటగా తిప్పి చూసింది.

"ఇది మీరే చేశారా?"

"కాదమ్మా, ఆ పక్క అమ్మాయి దగ్గర కొన్నా."

వైదేహి చుట్టూ చూసింది. ప్రతి బల్ల మీదా అదే బొమ్మ. ఆమె మొహం మారింది. అపూర్వ దగ్గరికొచ్చింది.

"ఈ బొమ్మలు మీరు సప్లై చేశారా?"

"మేమే కుట్టామండీ, మా అత్తయ్యా నేనూ!"

"మరి ఈ బుట్టలు?"

"శాంతయ్యగారివి. కొన్నా."

"లేసు?"

"క్రిస్టీది. అదీ కొన్నా."

"మీ బల్ల మీద మీ చేత్తో చేసింది ఒక్కటి చూపించండి."

అపూర్వ బల్ల వైపు చూసింది. కుండలు, చాపలు, గాజులు.

"బోణీకి అందరూ పట్టుకెళ్లారండీ..."

"చూడండమ్మా, ఇన్ని స్టాళ్లకి ఒకే బొమ్మ ఇస్తే హోల్‌సేల్ అంటారు. అందరి సరుకూ మీ బల్ల మీదుంటే దళారీ అంటారు. మేం వచ్చింది దళారీలు వద్దనే." వైదేహి కారెక్కి వెళ్లిపోయింది. మిగతా స్టాళ్లవైపు తిరిగైనా చూడలేదు.

శాంతయ్య తలొంచుకుని బుట్టలు కట్టుకున్నాడు. సాయంత్రం వేదిక మీద అపూర్వకు శాలువా కప్పి, మేళాలో అత్యధికంగా కొన్నందుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. తిరుగు బస్సులోనూ కిటికీలోంచి చల్లగాలే వచ్చింది.

మర్నాడు ముందు గదిలో యూరియా దిగింది. మామగారు కోడల్ని చిన్నబుచ్చలేదు. "నీ చెయ్యి మంచిదంటగా అమ్మా" అని మొదటి బస్తాకు ఆమె చేతే పసుపు, కుంకుమ పెట్టించారు.