మార్లిస్ కోచ్ ఐదువందలవ గెలుపు

న్యాయం మన పక్షాన ఉన్నప్పుడు వచ్చే కోపం పాపం కిందికి వస్తుందా రాదా అన్న సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. మా పాస్టరు గారిని రెండుసార్లు అడిగాను. మొదటిసారి వస్తుందన్నారు. రెండోసారి అడిగిన రోజున ఆయన కారును ఎవరో గీకి వెళ్ళారు. ఆ రోజు మాత్రం రాదన్నారు. మార్లిస్ ట్వెట్ కోపం చూశాక ఆ సందేహం ఇంకా ముదిరింది.

అయోవాలో మా ఊరి చిన్న కాలేజీలో మార్లిస్ ఇరవై ఏడేళ్ళుగా ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ కోచ్; బేస్‌బాల్‌కు చెల్లెలు లాంటి ఆట అది. కోచ్ అంటే మూడో బేస్ దగ్గర నిలబడి కేకలు వేయడం ఒక్కటే కాదు. మైదానంలో గడ్డి కోసేది ఆమె, సుద్దగీతలు గీసేది ఆమె, వ్యాను నడిపేది ఆమె, జట్టు బట్టలు ఇంటికి తెచ్చుకుని ఉతికేది కూడా ఆమే. రెండో జత బట్టలు ఇప్పించమని కాలేజీని ఆరేళ్ళుగా అడుగుతోంది. వచ్చే ఏడు చూద్దామని కాలేజీ ఆరేళ్ళుగా చెబుతోంది.

ఆ మే నెల శనివారానికి ఆమె గెలుపులు నాలుగువందల తొంభైతొమ్మిది. పక్క ఊరి కాలేజీతో అదే రోజు రెండు ఆటలు. ఒక్కటి గెలిస్తే ఐదువందలు. కాలేజీ అధ్యక్షుడు జ్ఞాపిక చేయించి పెట్టాడు. తెల్లవారుజామున బట్టలు మెషీన్‌లో వేయడం, గీతలు గీసి రావడం, బట్టలు ఆరేసుకోవడం, ఆట గెలవడం. ఆమె వేసుకున్న పథకం ఇంతే.

ఆమె మైదానానికి వెళ్ళగానే భర్త వెర్లిన్‌కు సాయం చేయాలన్న బుద్ధి పుట్టింది. విత్తనాల కంపెనీ వాళ్ళు ఉచితంగా ఇచ్చిన ఎర్ర టోపీ మాసి ఉంటే, ఎలాగూ మెషీన్ తిరుగుతోంది కదా అని అందులో పడేశాడు. మార్లిస్ తిరిగి వచ్చి మూత తీసేసరికి ఇరవై జతల తెల్లబట్టలూ గులాబీ రంగులో ఉన్నాయి.

"ఏమయ్యా, ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఒక్కరోజైనా బట్టలు ఉతికావా?" అంది.

"లేదు," అన్నాడు వెర్లిన్.

"మరి ఇవాళే ఎందుకు?"

వెర్లిన్ రోజుకు పది మాటలకు మించి మాట్లాడే మనిషి కాడు. బ్లీచింగ్ నీళ్ళు పోసి అరగంట తోమాడు. రంగు వదల్లేదు కానీ ఆ ఘాటుకు అతని కళ్ళు చింతనిప్పుల్లా అయి ధారగా కారాయి. ఇంకో సీసా కొందామని కొట్టుకు వెళితే అక్కడ పొరుగింటి ఆర్ఫా లుండె కనబడింది. చర్చిలో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద ఆమె. ఏమైంది వెర్లిన్ అని అడిగితే, పెళ్ళాం తిట్టిన సంగతి ఎలా చెబుతాడు? తల అడ్డంగా ఊపి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవని మనిషి ఏడవడం ఆర్ఫా కళ్ళారా చూసింది.

ఇక మైదానంలో మార్లిస్ అమ్మాయిలకు గులాబీ బట్టలు పంచుతూ, ఎవరైనా అడిగితే నోరు విప్పవద్దని గట్టిగా చెప్పింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళ కోసం ఆడపిల్లల జట్లు ఏటా ఒక రోజు గులాబీ రంగు వేసుకుని ఆడటం ఇక్కడ మామూలే. ఆ రోజు మా కాలేజీకి రెండు వారాల కిందటే అయిపోయింది, అదీ చేతికి కట్టుకున్న రిబ్బన్లతోనే. మళ్ళీ ఇంతలోనే తల నుంచి కాలి దాకా గులాబీ ఏమిటని ఒక తల్లి కూతుర్ని అడిగింది. "కోచ్ చెప్పొద్దన్నారమ్మా," అంది ఆ పిల్ల. ఆ తల్లి ఆర్ఫాకు ఫోన్ చేసింది. ఆర్ఫా దగ్గర వెర్లిన్ కన్నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

మా చర్చిలో ఎవరికైనా ఆపద వస్తే ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరూ మరి నలుగురికి ఫోన్ చేసి ప్రార్థించమని చెబుతారు. మా ఇంటికి ఫోన్ వచ్చేసరికి మార్లిస్‌కు క్యాన్సర్. మా ఆవిడ పక్కవీధికి చెప్పేసరికి అది కాలేయానికి పాకింది. నేనూ మోకరించి ప్రార్థించాను. ఆ ప్రార్థనను దేవుడు ఎవరికి సర్దాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నానికి ఊరంతా మైదానంలో ఉంది. ఆడవాళ్ళు గాజుపాత్రల్లో బంగాళదుంపలూ మాంసమూ కలిపి కాల్చిన వంటకాలు తెచ్చి గేటు దగ్గర బల్ల మీద పేర్చారు. పెళ్ళిలో కూడా కరచాలనంతో సరిపెట్టే మనుషులు ఒక్కొక్కరే వచ్చి మార్లిస్‌ను కౌగిలించుకున్నారు. ఐదువందల గెలుపులకు ఇంత ప్రేమా అని ఆమె మురిసిపోయింది.

మొదటి ఆట మొదలైంది. ఏడు ఇన్నింగ్స్‌లలో నాలుగోది అయ్యేసరికి మావాళ్ళు ఐదు పరుగులు కొట్టి, ఒక్కటి కూడా ఇవ్వలేదు. అప్పుడు మార్లిస్ చూపు అవతలి బెంచీ మీద పడింది. వాళ్ళ జట్టులో మెరుపులా బంతి విసిరే పొడుగమ్మాయి పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కూర్చుంది. పక్కనే ముగ్గురు మేటి బ్యాటర్లు. మార్లిస్ నేరుగా ఆ జట్టు కోచ్ డెనీస్ కుబిచెక్ దగ్గరికి నడిచింది. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ ప్రత్యర్థులు.

"ఆ పిల్లకి చెయ్యి నొప్పా?"

"లేదు."

"మరి ఎందుకు దింపలేదు?"

డెనీస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ మీదికి ఇవాళ ఆ పిల్లని ఎలా దింపనే? అంత కసాయిదాన్నా? నీ జబ్బు సంగతి మా బస్సులోనే తెలిసింది."

మార్లిస్‌కు ఆటకు ముందు జరిగిన కౌగిలింతలన్నీ వరసగా గుర్తొచ్చాయి. మూడో బేస్ దగ్గర నిలబడి అవతలి గోడ దాకా వినిపించే గొంతు ఆమెది. ఆ గొంతుతోనే మొదలుపెట్టింది.

"నాకొచ్చిన జబ్బల్లా మా ఆయన టోపీ! బురద తుడిచి, గీతలు గీసి, ఈ పిల్లల బట్టలు ఉతికి నాలుగువందల తొంభైతొమ్మిది గెలిచాను. ఐదువందలవది నువ్వు జాలిపడి నా చేతిలో పెడతావా? ముందు ఆ పిల్లని దింపు!"

డెనీస్ కన్నీళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఆమెకూ కోపం వచ్చింది. పొడుగమ్మాయినీ, ముగ్గురు బ్యాటర్లనూ ఒకేసారి దింపింది. ఆట ఆరు-ఐదుతో మావాళ్ళు ఓడిపోయారు.

"కోచ్, ఈ మాట గెలిచాక చెప్పకూడదా?" అంది బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే బ్రిట్టా.

కానీ అసలు కోపం గ్యాలరీలో ఉంది. ఆర్ఫా కంచె దగ్గరికి వచ్చింది.

"అయితే నీకేం లేదన్నమాట."

"లేదు ఆర్ఫా."

"కొంచెం కూడా?"

"కొంచెం కూడా లేదు."

"పొద్దున్నుంచి ఏమీ తినకుండా ప్రార్థించాను," అంది ఆర్ఫా, బాకీ అడుగుతున్నట్టు. ఒక మనిషి ఆరోగ్యంగా ఉన్నందుకు ఊరంతా ఇలా నొచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళు వరసగా వెళ్ళి బల్ల మీది తమ గాజుపాత్రలు తీసుకున్నారు. అధ్యక్షుడు కూడా జ్ఞాపిక కారులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతని చేతిలో కూడా ఒక పాత్ర ఉంది.

రెండో ఆటకు గ్యాలరీలో మిగిలింది వెర్లిన్, నేను, ఎవరిదో కుక్క. పొడుగమ్మాయి మొదటి బంతి నుంచీ ఆడింది. మార్లిస్ పిల్లలు పళ్ళు బిగించి ఆడి రెండు-ఒకటితో గెలిచారు. స్కోరుబోర్డు నడిపేవాడు కూడా అలిగి వెళ్ళిపోవడంతో ఐదువందలవ గెలుపు జరుగుతున్నంతసేపూ బోర్డు మీద మొదటి ఆట ఓటమే ఉంది. వెర్లిన్ ఒక్కడే లేచి చప్పట్లు కొట్టాడు. డెనీస్ వచ్చి చెయ్యి కలిపి, "ఇది నేనివ్వలేదు," అంది. "తెలుసు," అంది మార్లిస్. ఆ పొద్దంతా ఆమె నవ్వింది అప్పుడే.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం మెట్ల మీద గుడ్డ కప్పిన గాజుపాత్ర ఒకటి ఉంది, ఆర్ఫా వంటతో. ఆమె తొందర మనిషి. అందరికంటే ముందే వండి, మైదానానికి రాకముందే ఇక్కడ పెట్టి వెళ్ళినట్టుంది.

"ఇచ్చి రానా?" అన్నాడు వెర్లిన్.

మార్లిస్ దాన్ని పైకెత్తి అడుగు చూసింది. అక్కడ టేపు మీద, వెలిసిపోయిన అక్షరాల్లో, తన చేతిరాతతో తన పేరే ఉంది. పదకొండేళ్ళ కిందట ఒక అంత్యక్రియల భోజనానికి ఆర్ఫా అడిగి తీసుకెళ్ళిన పాత్ర. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ తన దగ్గర లేదని ప్రమాణం చేసింది.

"అక్కర్లేదు. చేతులు కడుక్కో," అంది మార్లిస్.

పదకొండేళ్ళ కిందట ఆమె దాన్ని ఆర్ఫాకు ఖాళీగానే ఇచ్చింది.